మా కిటికీ ఎదురుగా బర్నికో

మార్చి 4

నా నంబర్‌కి నేనే మెసేజ్ పెట్టుకుంటున్నాను. తప్పులున్నా ఎవరూ చూడరు.

మా పెయింటింగ్ మేస్త్రీ కొత్త పని చెప్పాడు. మా వీధిలోనే. మా ఇంటి ఎదురుగా బేకరీ పక్కగోడ మొత్తానికి మునిసిపాలిటీ వాళ్లు కామిక్ బొమ్మ వేయిస్తున్నారు. ఎనిమిది మీటర్ల ఎత్తు. షార్లెరువా పట్నంలో గోడల మీద ఉన్నాయి కదా, మనకెందుకు ఉండకూడదు అని.

ఏం బొమ్మ అని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

"బర్నికో రా."

నేను బ్రష్ కడుగుతూనే ఉన్నాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

మార్చి 5

నాకేం పర్వాలేదు. రంగు రంగే.

మార్చి 8

తాతకి ఎలా చెప్పాలో ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

"తాతా, ఎదురుగోడ మీద బర్నికోని వేస్తున్నారు."

ఇంతే వచ్చింది. దీని తర్వాత తాత ఏమీ అనడు. అదే భయం.

బర్నికో గనిలో అన్నీ తప్పుగా చేసే వెధవ. డెబ్భై ఏళ్ల కిందట గని వాళ్లకి నెలకో కాగితం పంచేవారట. ప్రమాదాలు జరక్కుండా. అందులో వచ్చేవాడు. గనిలో చుట్ట వెలిగిస్తాడు. బొగ్గు బండెక్కి కూర్చుంటాడు. చివరి గడిలో తలకి కట్టుతో ఉంటాడు. కింద "బర్నికోలా చెయ్యకు" అని ఉంటుంది. చేటల్లాంటి చెవులు, కలిసిపోయిన కనుబొమలు, ముందు పళ్ల మధ్య సందు. అది మా ముత్తాత ఎఫీజియో పింటుస్ మొహం. తాత వాళ్ల నాన్న. సార్డీనియా నుంచి ఇక్కడి గనిలోకి వచ్చినవాడు. పోల్చుకోవడానికి ఫొటో అక్కర్లేదు, నన్ను పక్కన నిలబెడితే చాలు.

గీసింది ఒమెర్ లాంబియొత్. మేక బండి మీద ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్ కథలు గీసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆ పోస్ట్‌మన్ అందరికీ తెలుసు. బర్నికో మా ఊరికే తెలుసు. మా ఊరు మర్చిపోదు. తాతని బళ్లో "బర్నికో కొడుకు" అన్నారు. నన్ను ఉత్త బర్నికో అన్నారు. నేను క్లాసులో లేచి చదవాల్సి వచ్చినప్పుడల్లా వెనక నుంచి "కానీ బర్నికో, కానీ" అనేవారు. ఇప్పుడు నాకు వారానికి రెండు రోజులు బడి, మూడు రోజులు మేస్త్రీ దగ్గర పని. ఆ రెండు రోజులే ఎక్కువ.

ప్రతి ఇంట్లో బాత్రూంలో కూడా కామిక్ పుస్తకాలు ఉంటాయి. మా ఇంట్లో ఒక్కటి లేదు.

తాత రోజూ పొద్దున్న కాఫీ గిన్నెతో వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఎదురుగా కనబడేది ఆ గోడే.

మార్చి 10

గోడ గురించి మునిసిపాలిటీ కాగితం పోస్టులో వచ్చింది. నా సాక్సుల సొరుగులో పెట్టాను. దాచడం కాదు. రేపు ఇస్తాను.

మార్చి 17

పరంజా కట్టాం. చుట్టూ టార్పాలిన్ పట్టా కప్పాం.

"ఏంట్రా ఆ ముసుగు?" అన్నాడు తాత.

"ప్రైమర్ వేస్తున్నాం తాతా."

అది నిజమే. ఈరోజు ప్రైమరే వేశాం.

తాత నా గదిలోకి వచ్చే ముందు గుమ్మాన్ని రెండుసార్లు కొట్టాడు. టక్ టక్. తలుపు తీసే ఉంది. అయినా కొడతాడు. ఏ గదిలోకి వెళ్లినా, బ్యాంకుకి వెళ్లినా, డాక్టర్ దగ్గరైనా గుమ్మాన్ని కొట్టి ఒక క్షణం ఆగుతాడు. బయట జనం చూస్తే నాకు సిగ్గేస్తుంది.

కాగితం ఇంకా సొరుగులోనే ఉంది.

మార్చి 22

ఒమెర్ లాంబియొత్ ఇంటికి వెళ్లాం.

మునిసిపాలిటీ వాళ్లిచ్చిన ఫొటోకాపీలో చేతులన్నీ మసి ముద్దల్లా ఉన్నాయి. అసలు పేజీ చూడకపోతే వేళ్లకి బదులు వంకాయలు వేస్తాం అన్నాడు మేస్త్రీ. నన్ను తీసుకెళ్లక్కర్లేదు. కానీ తీసుకెళ్లాడు.

ఇల్లు నది ఒడ్డున ఉంది. పెద్దాయనకి తొంభై రెండేళ్లు. చూపు మధ్యలో ఏమీ ఉండదట, పక్కలకే కనబడుతుందట. అందుకని కోడిలా తల వంచి పక్క నుంచి చూస్తాడు.

"ఆ కింది సొరుగు. చేతులు కడుక్కుని తియ్యి బాబూ. నేను తీస్తే చింపేస్తాను."

తీశాను. మేం వెయ్యాల్సిన పేజీ అట్టలా మందంగా ఉంది. నాలుగు గడులు. బర్నికో గనిలోకి వెళ్తాడు, పైకి చూడకుండా కూర్చుని రొట్టె తింటాడు, రాయి ఊడి పడుతుంది, తలకి కట్టు. పేజీ అంచుల్లో లేత నీలం మరకలు ఉన్నాయి.

"వెలుగుకి ఎత్తి పట్టుకో, మీ మేస్త్రీ చూస్తాడు."

ఎత్తి పట్టుకున్నాను. బర్నికో మొహం ఊడి నేల మీద పడింది.

మేస్త్రీ నన్ను చూశాడు. నేను నేలని చూశాను.

"ఏం పడింది?" అన్నాడు పెద్దాయన.

"మొహం," అన్నాను.

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "అతుకేలే. దాని జిగురుకి నాకంటే ముందే ముసలితనం వచ్చింది. ఒక్క మొహం మార్చాలంటే పేజీ అంతా మళ్లీ గీస్తామా? చిన్న కాగితం మీద గీసి పైన అంటిస్తాం. సైకిల్ ట్యూబుకి పంక్చర్ వేసినట్టు. అచ్చులో తెలీదు. ఏదీ, కింద ఎవరున్నారో చూడు."

చూశాను. సన్న మీసం, చొక్కాకి టై.

"టై కట్టుకున్నాయన."

"గని ఇంజినీర్. మొదట వాణ్ణే పెట్టాను. రొట్టె తినే ముందు పైకి చూడనివాడు నిజంగా వాడే. ఆఫీసు వాళ్లు సాయంత్రంలోగా మొహం మార్చు, లేకపోతే నువ్వు మారిపో అన్నారు. నాకప్పుడు ఇరవై రెండు."

తల పక్కకి వంచి నన్ను చూశాడు.

"ఇటు రా. వెలుగులోకి. ఇంకాస్త."

వెళ్లాను. నా చెవి పట్టుకున్నాడు. తిట్టడానికి పట్టుకున్నట్టు కాదు, వేళ్లతో కొలుస్తున్నట్టు.

"ఎఫీజియోకి నువ్వేమవుతావు?"

మేస్త్రీ చెప్పాడు. "మునిమనవడండీ. సాండ్రో. మాట్లాడ్డు గానీ అంచులు మాత్రం బాగా వేస్తాడు."

పెద్దాయన చెవి వదిలి కూర్చున్నాడు. ఆయన చెప్పింది మర్చిపోకుండా బస్సులోనే రాసుకుంటున్నాను.

"నేను గనిలోకి ఒక్కసారే దిగాను. దిగి వాంతి చేసుకున్నాను. నాకేం తెలుసు గని గురించి? నెలకోసారి మీ ముత్తాత వంటింట్లో కూర్చునేవాణ్ణి. ఆయన గని కప్పు కూలకుండా దుంగలు ఆనించే పనిలో ఉండేవాడు. అందరికంటే జాగ్రత్త మనిషి. ఆయన చెప్పింది నేను గీసేవాణ్ణి. ఆ సాయంత్రం మొహం దొరక్క ఏడుస్తుంటే, నాది పెట్టవయ్యా అన్నాడు. ఎఫీజియో అలా చెయ్యడని అందరికీ తెలుసు, అందుకే బాగా నవ్వుతారు అన్నాడు."

"నవ్వారా?"

అడిగింది నేనే.

"కింద గనిలో పగలబడి నవ్వారు. కింద ఆయనెవరో తెలుసు. పైన పెళ్లాం పిల్లలకి బొమ్మ ఒక్కటే తెలుసు. మేమిద్దరం ఆ పైవాళ్ల సంగతే ఆలోచించలేదు. ఒక్క నెలకే అనుకున్నాం. మళ్లీ అచ్చేసేటప్పుడు పాత పేజీల్లో కూడా ఆ మొహమే అంటించమన్నారు. మొత్తం ఆరేళ్లు వచ్చింది. తర్వాత పోస్ట్‌మన్ పుట్టాడు, నేను బ్రస్సెల్స్ వెళ్లిపోయాను. ఎక్కడ మొదలుపెట్టారని ఎవరడిగినా పోస్ట్‌మన్‌తోనే అని చెప్పాను."

వచ్చేటప్పుడు మేస్త్రీ బంగాళదుంప ఫ్రైలు కొనిపెట్టాడు. "ఒరేయ్, నువ్వు ఆ కుటుంబమని నాకు తెలుసు. ఈ పని వద్దంటే చెప్పు. పాత రంగు గీకుతూ కూర్చునే పని వేరేచోట ఉంది."

నాకేం పర్వాలేదు అన్నాను.

మార్చి 23

తాతకి చెప్పలేదు. ఆదివారం కదా.

మార్చి 26

తాతకి తెలిసిపోయింది. బీరు కొట్టులో ఎవడో అన్నాడట. "గావినో, మీ నాన్న గోడెక్కుతున్నాడు, అందరికీ తలా ఒక గ్లాసు పోయించు!"

తాత సగం గ్లాసు వదిలేసి ఇంటికొచ్చాడు. గుమ్మం కొట్టాడు. టక్ టక్.

"నువ్వేనా వేసేది?"

"ప్రైమర్ ఒక్కటే తాతా."

"చెవులు కూడా ప్రైమరేనా?"

నేను సాక్సుల సొరుగు తెరిచి కాగితం ఇచ్చాను. చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మార్చి 27

పొద్దున్న తాత కుర్చీ తిప్పేసుకున్నాడు. కిటికీకి వీపు పెట్టి, ఫ్రిజ్ వైపు చూస్తూ కాఫీ తాగుతున్నాడు.

నేను అక్కడే నిలబడి పెద్దాయన చెప్పిందంతా చెబుదామని నోరు తెరిచాను. "ఆయన ముత్తాతని..." దగ్గర ఆగిపోయింది. తాత ఫ్రిజ్‌తోనే మాట్లాడాడు.

"మా నాన్న బడి గేటు దగ్గరికొస్తే నేను వెనక గేటు నుంచి పోయేవాణ్ణి. ఆయన గంటసేపు అక్కడే నిలబడేవాడట. నాకు పన్నెండు నిండగానే పోయాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్మే. ఇంక నాకేం చెప్పకురా."

చెప్పలేదు.

మార్చి 29

ఒక్కణ్ణే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో దారంతా తెలియలేదు. తలుపు తీసి "ఆ, చెవులు," అన్నాడు.

పేజీలన్నీ బయట పెట్టించాడు. అంచుల్లో నీలం మరకలున్నాయి, తడి గుడ్డతో తుడవనా అన్నాను.

"తుడిస్తే చంపుతాను! అవి మరకలు కావు, రాతలు. లేత నీలం పెన్సిల్ అచ్చు కెమెరాకి కనబడదు. అందుకే మా గుర్తులు మేం దాంతో రాసుకుంటాం. ఎఫీజియో చెప్పిన మాటలన్నీ అక్కడ రాసుకుని గీసేవాణ్ణి. ఇప్పుడు ఆ నీలం నాకూ కనబడదు. చదువు."

"నేను సరిగ్గా చదవలేను."

"నేను అసలే చదవలేను. మనిద్దర్లో నువ్వే పండితుడివి. చదువు."

చదివాను. వేలు పెట్టి. ఒక్కో మాట దగ్గర మూడుసార్లు ఆగాను. ఆయన ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. వెనక నుంచి ఎవరూ ఏమీ అనలేదు.

"ఎఫీజియో: దీపం మంట చుట్టూ నీలం కనబడితే గ్యాస్ ఉన్నట్టు, దీపం పైకెత్తకు. పరుగెత్తకు. వంగి వెనక్కి నడు."

"ఎఫీజియో: బండి మీద కూర్చోకు. బండి కంపెనీది, కాళ్లు నీవి."

పెద్దాయన తొడ కొట్టుకున్నాడు. "అదీ! అచ్చం అలాగే మాట్లాడేవాడు. కాళ్లు నీవి!"

నాలుగు గంటల్లో ముప్ఫై ఒక్క పేజీలు చదివాను. నా జీవితంలో అంత ఎప్పుడూ చదవలేదు. మా గోడకి వెయ్యాల్సిన పేజీ చివర్లో వచ్చింది. దాని అంచు నిండా ఉంది నీలం.

"ఎఫీజియో: లోపలికి వెళ్లే ముందు కప్పుని రెండుసార్లు కొట్టు. ఆగు. విను. గంటలా మోగితే వెళ్లు. డొల్లగా మోగితే వెనక్కి రా. వెనక్కి రావడానికి సిగ్గుపడకు."

కింద ఇంకో ముక్క ఉంది, చిన్న అక్షరాల్లో.

"మా గావినోకి మొన్ననే నడక వచ్చింది. వాడూ ప్రతి గుమ్మాన్నీ రెండుసార్లు కొట్టి వింటున్నాడు. ఇది గీయకు, ఊరికే చెప్పాను."

"ఆగావేం? చదవడం రావట్లేదా?" అన్నాడు పెద్దాయన.

"వచ్చింది," అన్నాను.

ఏప్రిల్ 2

గీతలు వేశాం. నీలం పొడి రాసిన దారం లాగి వదిలితే గోడ మీద గీత పడుతుంది, గీతలు కలిసి గడులవుతాయి. ఒక్కో గడిలో పేజీలో ఉన్నది చూసి గీయాలి.

మొహం ఉన్న గడులు చివరికి వదిలాను. మేస్త్రీ చూసి తన గడులు తను గీసుకున్నాడు.

ఏప్రిల్ 4

మునిసిపాలిటీ నుంచి విన్సియాన్ మేడమ్ వచ్చింది. ఈ గోడ పని ఆవిడదే. ఇవాళ చెప్పాలని రాత్రంతా అనుకున్నాను.

"మేడమ్, అంచుల్లో..."

"ఏమిటి బాబూ?"

"అంచుల్లో నీలం."

"గోడకి నీలం అంచు కావాలా? అబ్బే, బావుండదు."

నేను తల ఊపాను. అవును అన్నట్టు ఊపాను. వెధవని.

ఆవిడ వెళ్లాక పరంజా వెనక నిలబడి మేస్త్రీకి చెప్పాను. మొత్తం. ఆగి ఆగి. ఫోన్‌లో నేను తీసుకున్న ఫొటో చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, కళ్లజోడు తీసి, చొక్కాకి తుడిచి, మళ్లీ చదివాడు.

"మీ తాతకి తెలుసా?"

"వినట్లేదు."

"వినకపోతే చదువుతాడు," అన్నాడు మేస్త్రీ. "కిటికీ ఎదురుగానే కదా."

ఏప్రిల్ 9

ముత్తాత మొహం వేశాను. కనుబొమలు ఒక్క గీతతో వచ్చాయి. చెవులు కొంచెం తగ్గించాను. ఎవరికీ తెలీదు.

ఏప్రిల్ 11

నీలం అక్షరాలు వేశాను. అరచేయంత అక్షరాలు. లేత నీలం కాదు, వీధి అవతల నుంచి కనబడే నీలం. తప్పు పడకుండా ఒక్కో అక్షరం ఫొటోలో చూసి వేశాను. రెండు రోజుల పని. తాత పేరు దగ్గర బ్రష్ మార్చాను.

తాత కుర్చీ ఇంకా ఫ్రిజ్ వైపే ఉంది.

ఏప్రిల్ 14

విన్సియాన్ మేడమ్ పట్టా లోపలికొచ్చి చూసి కెవ్వుమంది.

"ఇదేంటిది? కమిటీ ఒప్పుకున్న బొమ్మలో ఈ రాతలు లేవు!"

మేస్త్రీ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "మేడమ్, మీరిచ్చిందే. 'అసలు పేజీ ఎలా ఉందో అలాగే వెయ్యవలెను.' వలెను అని ఉంది చూడండి. అసలు పేజీలో నీలం ఉంది. మీకిచ్చింది ఫొటోకాపీ. ఫొటోకాపీ యంత్రానికి నీలం కనబడదు, మా కుర్రాడికి కనబడుతుంది."

"గావినో ఎవరు? ఈ నడక ఏమిటి? గని భద్రతకి దీనికీ ఏం సంబంధం?"

మేస్త్రీ నా వైపు చూశాడు. నువ్వు చెప్పు అన్నట్టు.

"మా తాత," అన్నాను. "ఎదురింట్లో ఉంటాడు."

ఆవిడ పట్టా పక్కకి జరిపి మా కిటికీ చూసింది. కుర్చీ వీపు కనబడుతుంది అక్కణ్ణుంచి. చాలాసేపు చూసింది.

"బొమ్మ గీసినాయన ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు," అంది.

అక్కడే పెద్దాయనకి ఫోన్ చేసింది. ఆయన గొంతు నాకూ వినబడింది. "అంచు కూడా నా పేజీయేనమ్మా! దాన్ని ఒక్క చుక్క చెరిపినా నేను కర్రేసుకుని వస్తాను!"

ఏప్రిల్ 19

పట్టా తీసి, పరంజా ఒక పక్కకి జరిపారు. వీధంతా జనం. పెద్దాయన చక్రాల కుర్చీలో వచ్చాడు, తల పక్కకి వంచి అటూ ఇటూ చూశాడు. "ఈ నీలం కనబడుతోంది," అన్నాడు. మైకు ఇస్తే, బర్నికో మాటలు నావి కావు, ఎఫీజియో పింటుస్‌వి, మొహం కూడా ఆయనిచ్చిందే అని చెప్పాడు. కొందరు ముసలివాళ్లు టోపీలు తీశారు. బళ్లో నన్ను బర్నికో అన్నవాడొకడు వచ్చి ఫొటో తీసుకున్నాడు. నా వైపు చూసి చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. తర్వాత ఊపాను, అప్పటికి వాడు వెళ్లిపోయాడు.

తాత రాలేదు. కిటికీకి కర్టెన్ వేసి ఉంది.

నాకేం పర్వాలేదు.

ఇది అబద్ధం.

ఏప్రిల్ 20

పొద్దున్న లేచేసరికి తాత వంటింట్లో లేడు. కర్టెన్ తీసి ఉంది.

వీధి మధ్యలో ఉన్నాడు. చెప్పులతో, చేతిలో కాఫీ గిన్నెతో. తల పైకెత్తి, గాల్లో వేలు పెట్టి చదువుతున్నాడు. తాత పద్నాలుగేళ్లకే పనిలో చేరాడు, నాలాగే చదువుతాడు. బేకరీకి వచ్చిన కారొకటి ఆయన వెనకే ఆగి ఉంది. హారన్ కొట్టలేదు.

నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. పెదాలు కదులుతున్నాయి. "...వాడూ ప్రతి గుమ్మాన్నీ..." దగ్గర ఆగి మళ్లీ మొదట్నుంచి చదివాడు.

గిన్నె నా చేతికిచ్చాడు. గోడ దగ్గరికి వెళ్లాడు. రెండుసార్లు కొట్టాడు. గోడకి చెవి ఆనించి ఆగాడు. చాలాసేపు.

"గట్టిగానే ఉంది," అన్నాడు.

తర్వాత వెనక్కి నాలుగడుగులు వేసి మొహం చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ గోడ చూశాడు.

"చెవులు తగ్గించావేంరా?"

"కొంచెమే తాతా."

"కొంచెం కాదు. మా నాన్నవి ఇంకా పెద్దవి. సరిచెయ్యి."

ఇంటికొచ్చి కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

నేను మేస్త్రీకి ఫోన్ చేశాను. మెసేజ్ కాదు, ఫోన్. పరంజా ఇంకొక్క రోజు ఉంచమన్నాను.